మందుల సంచి, శిబిరం, ఫోను, సమావేశం: ఏది ఏ కోవలోకి వస్తుంది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక పల్లె. మహిళా సంఘాల సమాఖ్యలో లెక్కలు రాస్తాను. షుగరు, బీపీ, కీళ్ల నొప్పులు ఉన్నవాళ్ల కోసం మా ఊళ్లో ఇప్పుడు నాలుగు కార్యక్రమాలు నడుస్తున్నాయి. ప్రభుత్వ దవాఖాన వాళ్లు నెలనెలా పరీక్ష చేసి మందుల సంచి ఇస్తారు. పట్నం నుంచి ఒక ప్రైవేటు ఆసుపత్రి వచ్చి అప్పుడప్పుడు శిబిరం పెడుతుంది. ఇంకో సంస్థ షుగరు చూసుకునే మిషను ఇచ్చి ఫోనుకు సందేశాలు పంపుతుంది. ఒక స్వచ్ఛంద సంస్థ వారానికొకసారి చొప్పున ఆరు వారాల సమావేశాలు జరుపుతానంటోంది. 'మీ జబ్బును మీరే చూసుకునేలా తయారు చేస్తాం' అని నలుగురూ అంటున్నారు. సమాఖ్య దగ్గరున్న కొద్ది డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. ఏ జబ్బుకు, ఎవరు నడుపుతున్నారు, ఉచితమా కాదా, ఎంతమంది వస్తున్నారు అని నాలుగు గళ్లతో పట్టిక వేశాను. పట్టిక నిండింది గానీ ఏమీ తేలలేదు. వీటిని ఏ రకంగా విడదీసి చూడాలి?
– సమాఖ్య సభ్యురాలు

సమాధానం:

అమ్మా, డబ్బు చేతిలోంచి జారకముందే గళ్లు గీసుకుని కూర్చున్నందుకు ముందుగా మీకు నా అభినందనలు. శిబిరం దగ్గర రిబ్బను కత్తిరించి ఫొటో దిగి వెళ్లే పెద్దలను చూసీ చూసీ విసిగిన నాకు మీ ఉత్తరం ఊరటనిచ్చింది. అయితే మీ నాలుగు గళ్లూ లెక్కల పుస్తకానికి సంబంధించినవి. ఆ కార్యక్రమానికి వెళ్లొచ్చిన మనిషికి కొత్తగా ఏ పని చేతనైందో వాటిలో ఒక్కటీ చెప్పదు. అందుకే ఏమీ తేలలేదు.

'ఏ జబ్బుకు' అన్న మొదటి గడినే చూడండి. మీ వైపు అరవై ఏళ్ల ఆడమనిషి ఒకరిని తలచుకోండి. మిషన్ భగీరథ పథకం నీళ్లు ఇప్పుడొచ్చాయి. చిన్ననాటి నుంచి తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మాత్రం ఆమె ఎముకల్లోనే ఉండిపోయింది. నడుము వంగదు, మోకాలు ముడవలేదు. దానికి తోడు షుగరు, ఆపైన బీపీ. షుగరు కార్యక్రమం వాళ్లు రోజూ అరగంట నడవమంటారు. ఆమెకు వాకిలి దాటడమే గండం. నొప్పి తట్టుకోలేక ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకుంటుంది. అలాంటి మాత్రలు రోజూ వాడితే బీపీ పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. షుగరు వల్ల ఆ మూత్రపిండాలకు ముందే ముప్పు ఉంది. షుగరు గడిలో ఉన్నవాళ్లు మోకాలి సంగతి అడగరు, మోకాళ్ల గడిలో ఉన్నవాళ్లు బీపీ చూడరు. జబ్బుల పేర్లతో కార్యక్రమాలను విడగొడితే ఆమె మూడు చోట్ల ఒక్కో ముక్కగా కనిపిస్తుంది, మనిషిగా ఎక్కడా కనిపించదు.

ఈ సంగతిని ముందుగా పట్టుకున్నవాళ్లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కేట్ లోరిగ్ ఒకరు. కీళ్లవాతం రోగుల తరగతులతో మొదలుపెట్టి, తరవాత రకరకాల దీర్ఘవ్యాధులున్న వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టే పద్ధతిని ఆమె బృందం తయారు చేసింది. వారానికొకసారి రెండున్నర గంటలు, మొత్తం ఆరు వారాలు. నడిపేది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు ఇద్దరు. వాళ్లూ చాలావరకు ఏదో ఒక దీర్ఘవ్యాధితో బతుకుతున్నవాళ్లే. మీ ఊళ్లో ఆరు వారాల సమావేశాలు అంటున్న సంస్థ, తెలిసో తెలియకో, ఆ నమూనానే పట్టుకున్నట్టుంది.

జబ్బుపడ్డ మనిషి మీద మూడు రకాల పని పడుతుందని ఆ స్టాన్‌ఫర్డ్ వాళ్లు చెబుతారు. 1980ల్లో కార్బిన్, స్ట్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు దీర్ఘవ్యాధులున్న కుటుంబాలను గమనించి గుర్తించిన సంగతి ఇది. ఒకటి వైద్యం పని: మాత్రలు, తిండి, పరీక్షలు. రెండోది బతుకులో తన స్థానాన్ని కాపాడుకునే పని: ఇంటిల్లిపాదికీ వండే ఆమె తన ఒక్కదాని కోసం వేరే కూర ఎలా చేసుకోవాలి, నాగలి పట్టలేనివాడు ఇంట్లో ఏ పని అందుకోవాలి. మూడోది మనసుకు సంబంధించింది: కాలు తీసేస్తారేమోనన్న భయం, పిల్లల మీద అప్పు పడుతుందన్న దిగులు. మన దగ్గర నడిచేవన్నీ దాదాపు మొదటి పని దగ్గరే ఆగిపోతాయి. ఏ కార్యక్రమం వచ్చినా ఈ మూడింటిలో వేటిని తాకుతోందని అడగడం మొదటి జల్లెడ.

రెండో జల్లెడ ఇంకా సన్ననిది. బ్రిటన్ పరిశోధకులు రకరకాల దీర్ఘవ్యాధుల మీద వచ్చిన అధ్యయనాలను జల్లించి, ఇలాంటి కార్యక్రమాల్లో ఉండే అంశాలను పద్నాలుగుగా తేల్చి 2016లో ప్రచురించారు. ప్రిజమ్స్ వర్గీకరణ అంటారు. ఇంతకన్నా సూక్ష్మమైనది ఇంకొకటి ఉంది. మనిషి అలవాటు మార్చే పద్ధతులను 93గా విడదీసింది. అది పరిశోధకులకు కావాలి, సమాఖ్యకు అక్కర్లేదు. మీకు పద్నాలుగు చాలు. గుర్తుండడానికి వాటిని అయిదు కుప్పలు చేసి చెబుతాను. కుప్పలు నావి, అంశాలు వాళ్లవి.

చెప్పేవి మూడు: జబ్బు గురించి సమాచారం, ఎక్కడ ఏ సాయం దొరుకుతుందో సమాచారం, తిండి, నడక, పొగాకు వంటి అలవాట్ల మీద సలహా. చేతికి ఇచ్చేవి మూడు: పరికరాలు, మాత్రలు మరిచిపోకుండా ఉండే ఏర్పాట్లు, జబ్బు ముదిరితే ఏం చేయాలో రాసిచ్చిన కాగితం. కనిపెట్టి ఉండేవి మూడు: క్రమం తప్పని వైద్య పరీక్ష, కొలతలు చూసి వాటికి తగిన జవాబు, అవసరమైన రోజు వెంటనే అడగడానికి ఒక మనిషి. సాధన చేయించేవి నాలుగు: డాక్టరుతో మాట్లాడడం, రోజువారీ పనులు చేసుకోవడం, ఇన్సులిన్ వేసుకోవడం, పాదాలు చూసుకోవడం వంటి చేతి పనులు, దిగులును అదుపులో పెట్టుకోవడం. చివరిది ఒంటరిది, తోడు: అదే బాధలో ఉన్న సాటి మనుషులు.

ఇప్పుడు మీ నాలుగింటినీ వీటి ముందు నిలబెడదాం.

ప్రైవేటు ఆసుపత్రి శిబిరం చెప్పేవాటిలోకి వస్తుంది, అదీ ఒకటిన్నర అంశం. ఒక పూట పరీక్ష, ఒక ఉపన్యాసం, ఒక కరపత్రం, పట్నంలోని ఆసుపత్రికి రమ్మని ఒక చీటీ. కొత్త రోగులు బయటపడతారు, అంతవరకు మంచిదే. దాన్ని రోగిని తయారు చేసే కార్యక్రమం అనడం మాత్రం బండి రంగు చూసి ఎడ్ల సత్తువ చెప్పడమే. వట్టి సమాచారం ఎంతవరకు పనికొస్తుందో ఉబ్బసం విషయంలో బాగా తేలింది. అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, సమాచారం మాత్రమే ఇచ్చిన చోట ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం తగ్గలేదు. తన ఊపిరిని తానే కొలుచుకోవడం, డాక్టరు క్రమంగా చూడడం, ఆయాసం పెరిగితే ఏం చేయాలో రాసిన కాగితం, ఈ మూడూ కలిసిన చోట తగ్గింది.

ప్రభుత్వ కార్యక్రమాన్ని తేలిగ్గా తీసేయకండి. షుగరు వంటి దీర్ఘవ్యాధుల మీద ప్రభుత్వం నడిపే దేశవ్యాప్త కార్యక్రమం 2010లో మొదలైంది. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ షుగరు, బీపీ చూడాలన్నది ఇప్పుడు దానిలో భాగం. మీ ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి కాగితం నింపేది అందుకే. రక్తపోటు అదుపు కోసం 2017 నవంబరులో ఇంకో జాతీయ ప్రయత్నం మొదలైంది. దాన్ని తొలుత చేపట్టిన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే రకం మందుల క్రమం, మందుల నిల్వ తగ్గకుండా చూడడం, కనీసం నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వడం, మళ్లీ రానివాళ్లను వెతికి పిలవడం దాని పద్ధతి. కనిపెట్టి ఉండే కుప్పలో ఇంత బలం మిగతా మూడింటిలో దేనికీ లేదు. దీనిలో లేనిది సాధన, తోడు. వరుసలో నలభైమంది ఉన్నప్పుడు నర్సమ్మకు పాదాలు ఎలా చూసుకోవాలో నేర్పే తీరిక ఎక్కడిది?

ఫోను, మిషను ఇచ్చే సంస్థ దగ్గర కొంచెం ఆగాలి. వస్తువు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి జనం దాన్నే పెద్ద సాయం అనుకుంటారు. ఇన్సులిన్ వాడనివాళ్లకు షుగరు మిషను ఒక్కటే ఇస్తే వచ్చే మేలు చాలా కొద్ది. అది కూడా ఏడాది తిరిగేసరికి దాదాపు కరిగిపోతుంది. బీపీ మిషను సంగతీ ఇంచుమించు అంతే. ఇంట్లో కొలుచుకోవడం ఒక్కటే అయితే బీపీ పెద్దగా దిగదు. ఆ అంకె చూసి మందు మోతాదు మార్చేవాళ్లో, దగ్గరుండి సలహా చెప్పేవాళ్లో ఉంటే దిగుతుంది. కాబట్టి వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మా మనిషి షుగరు 280 అని పంపితే, అవతల ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో చూస్తారు, చూసి ఏం చేస్తారు? 'కంప్యూటర్‌లో నమోదవుతుంది' అంటే అది పరికరాల గడిలోకి వెళ్తుంది. ఒక నర్సు ఫోను చేసి దవాఖానతో మాట్లాడి మందు మార్పిస్తానంటే కొలతలకు జవాబు అన్న గడిలోకి వస్తుంది. పైకి ఒకేలా కనిపించే రెండు కార్యక్రమాల మధ్య తేడా అంతా అక్కడే ఉంది. ఇంకొకటి, ఆ సందేశాలు ఎవరి ఫోనుకు వస్తున్నాయో చూడండి. ముసలమ్మ పేరు మీద నమోదైన నంబరు హైదరాబాద్‌లో పని చేసుకుంటున్న కొడుకుదైతే, ఆ 'మాత్ర వేసుకున్నారా?' అన్న సందేశం ఎల్బీ నగర్‌లో మోగుతుంది.

ఇక ఆరు వారాల సమావేశాలు. సాధన, తోడు అనే రెండు కుప్పలూ దాదాపు పూర్తిగా దీని చేతిలోనే ఉన్నాయి. అసలు నమూనాలో గుండెకాయ లాంటిది వారం వారం ఎవరికి వారు వేసుకునే చిన్న ప్రణాళిక. 'రేపటి నుంచి నడుస్తాను' అంటే ఒప్పుకోరు. ఏం చేస్తావు, ఎంత, ఎప్పుడు, వారంలో ఎన్ని రోజులు అని అడుగుతారు. 'ఈ వారం నాలుగు రోజులు, పొద్దున పాలు పోసొచ్చాక, గుడి దాకా వెళ్లొస్తాను' అనాలి. తరవాత, చేయగలనన్న నమ్మకం సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో చెప్పమంటారు. ఏడు కన్నా తక్కువ చెబితే తిట్టరు, ప్రణాళికను చిన్నది చేస్తారు. మోకాళ్లు సహకరించనామె కుర్చీలో కూర్చుని చేసే కసరత్తు ఎంచుకోవచ్చు. వచ్చే వారం ఏం జరిగిందో అందరి ముందూ చెబుతారు. కుదరకపోతే ఎందుకు కుదరలేదో పక్కవాళ్లే దారి వెతుకుతారు. ఉపన్యాసానికి అలవాటుపడ్డ మన కార్యకర్తలకు ఈ భాగమే అన్నిటికన్నా కష్టం. నోరు మూసుకుని వినడం మనవాళ్లకు ఎవరూ నేర్పలేదు.

దీని లోటూ చెప్పాలి. ఏడో వారం ఏమిటన్నదానికి జవాబు లేదు. మందులు లేవు, వైద్య పరీక్ష లేదు. ఆశలు కూడా అదుపులో పెట్టుకోండి. ఇదే నమూనాను బ్రిటన్ ప్రభుత్వం దేశమంతా నడిపి పరీక్షించినప్పుడు, మనుషుల్లో తమ మీద తమకు నమ్మకం, ఓపిక పెరిగాయి. డాక్టర్ల దగ్గరికి వెళ్లడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. 'ఆసుపత్రి ఖర్చు సగమైపోతుంది' అని ఎవరైనా మీ సమావేశంలో మాట ఇస్తే రాతపూర్వకంగా అడగండి.

నలుగురినీ ఒకే ప్రశ్నతో పరీక్షించే కిటుకు ఒకటి చెబుతాను. 'ఒక్కపొద్దు ఉన్న రోజు షుగరు మాత్ర ఏం చేయాలి?' అని అడగండి. మన పల్లెల్లో ఒక్కపొద్దులు, రంజాన్ ఉపవాసాలు మానమంటే ఎవరూ మానరు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తినకుండా ఉంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో అది అరుదు. అంటే జవాబు మనిషిని బట్టి, మందును బట్టి మారుతుంది. శిబిరం వాళ్లు 'ఉపవాసాలు మంచివి కావు' అంటారు. ఫోను సందేశం ఏమీ అనదు. మంచి కార్యక్రమమైతే, ఎవరు ఏ మాత్ర వాడుతున్నారో చూసి, ఆ రోజు గురించి డాక్టరును ముందే అడిగేలా చేసి, షుగరు 70 కన్నా తగ్గినా, చెమటలు పట్టి చేతులు వణికినా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలని, పావుగంటకు మళ్లీ చూసుకోవాలని, తేరుకోకపోతే ఎవరిని పిలవాలో ఫోను నంబరుతో సహా కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ల చేతిలో పెడుతుంది. ఆ కాగితం లేకపోతే 'రాసిచ్చిన కాగితం' అన్న గడి ఖాళీ అని రాసేయండి.

అంశాలతోపాటు ఇంకో నాలుగు సంగతులు ఆ పరిశోధకులే పక్కన రాసుకోమన్నారు: ఏ రూపంలో అందుతుంది, ఎవరు అందిస్తారు, ఎవరిని ఉద్దేశించింది, ఎంతసేపు, ఎన్నాళ్లు. మొదటి రెండూ మీకు తెలిసినవే. మూడోది మన జిల్లాల్లో నిర్లక్ష్యానికి గురవుతోంది. దేవరకొండ వైపు తండాల్లో పెద్దవాళ్లు ఇంట్లో లంబాడీల భాష గోర్ బోలి మాట్లాడతారు. వాళ్లకు పత్రికల తెలుగులో అచ్చేసిన కరపత్రం ఎవరి కోసం? పాలమూరు నుంచి కట్టడం పనులకు వెళ్లేవాళ్లు నెలల తరబడి ఊళ్లో ఉండరు. వాళ్లకు నెలనెలా ఊరి దవాఖానకు రమ్మనే ఏర్పాటు పనికిరాదు. చేతిలో ఎక్కువ రోజుల మందులు, పని చేసే చోట చూపించుకునే చీటీ కావాలి. మీ సమావేశంలో ఎవరెవరు లేరో కూడా ఒక గడి పెట్టండి.

ఒక హెచ్చరిక. పద్నాలుగు గళ్లలో ఎన్నింటికి టిక్కు పడిందో కూడి మార్కులు వేయకండి. ఇవి పరీక్ష పేపరు కాదు. ఎక్కువ గళ్లు నిండిన కార్యక్రమం గొప్పదని ఆ వర్గీకరణ చేసినవాళ్లు కూడా అనలేదు. నాలుగు కార్యక్రమాలనూ పక్కపక్కన పెట్టినప్పుడు ఏ గడి నలుగురి దగ్గరా ఖాళీగా ఉందో చూడడమే దాని వల్ల మీకు కలిగే లాభం. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే చెప్పేవి అందరి దగ్గరా ఉన్నాయి. మందులు, వైద్య పరీక్ష ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. సాధన, తోడు ఒకరి దగ్గరే ఉన్నాయి. రాసిచ్చిన కాగితం, వెంటనే అడగడానికి మనిషి ఎవరి దగ్గరా లేవు.

కాబట్టి నా మాట ఇది. సమాఖ్య డబ్బు శిబిరానికి వద్దు, మిషన్లకు వద్దు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నదాన్ని మళ్లీ కొనడానికీ వద్దు. ఆరు వారాల సమావేశాలకు ఇవ్వండి, షరతులతో. నడిపే ఇద్దరిలో ఒకరైనా మీ మండలంలో షుగరుతోనో బీపీతోనో ఉన్న ఆడమనిషి కావాలి. షుగరువాళ్లు, మోకాళ్లవాళ్లు అని వేరు చేయకుండా కలిపి కూర్చోబెట్టాలి. వాడుతున్న మాత్రలన్నీ, నొప్పి మాత్రలతో సహా, ఎవరివి వాళ్లు సంచిలో తెచ్చుకునే వారం ఒకటి ఉండాలి. ఆ వారం ఏఎన్ఎంను పిలవండి. నొప్పి మాత్రలు రోజూ మింగుతున్నవాళ్ల పేర్లు ఆమె రాసుకుని దవాఖాన డాక్టరుకు చూపాలి. వాటి బదులు ఏం వాడాలో చెప్పడం డాక్టరు పని, సమావేశం నడిపేవాళ్ల పని కాదు. ఇంకో వారం డాక్టరుతో మాట్లాడే సాధన పెట్టించండి. దవాఖానలో దొరికేది రెండు మూడు నిమిషాలు. అడగాల్సినవి రెండే రెండు చీటీ మీద రాసుకుని, ఒకామె డాక్టరులా కూర్చుంటే ఇంకొకామె అడగాలి. మొదట నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. ఆరు వారాలు అయ్యాక అదే గుంపు మందుల రోజున దవాఖాన దగ్గరే అరగంట కూర్చునేలా ముందే మాట తీసుకోండి. దానికి పైసా ఖర్చు లేదు, ఏడో వారం సమస్యా కొంత తీరుతుంది.

తేదీలు మాత్రం ఆ సంస్థకు వదిలేయకండి. పత్తి ఏరే రోజుల్లో పగటి పూట పెడితే కూలి మానుకుని ఎవరూ రారు, వచ్చిన నలుగురిని చూసి 'జనానికి ఆసక్తి లేదు' అని నివేదిక రాసుకుని వెళ్లిపోతారు. పత్తి పని అయ్యాక, సంక్రాంతి దాటాక మొదలుపెట్టమనండి. వారం, వేళ సంఘం సభ్యులే నిర్ణయిస్తారని ఒప్పందంలో రాయించి, సంతకం అయ్యాకే మొదటి విడత డబ్బు ఇవ్వండి.